గొలుసు ఎక్కడ కట్టాలి

చిరంజీవి మా పెద్దమ్మాయిని నాన్న దీవించి రాసే సంగతులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ అల్లుడూ క్షేమమని తలుస్తాను. మామూలుగా అయితే ఈ మాట అలవాటు కొద్దీ రాస్తాను, ఈసారి అక్షరం అక్షరం నమ్మాలని రాస్తున్నాను. అందుకే మిగతా సంగతులకు ముందు ఒక్క మాట. ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు పొట్టోడిని, అదే మీ పాత చిన్న ట్రాక్టర్‌ని, షెడ్డులోంచి బయటికి తీయవద్దు. తీసినా వాడి వెనక గొలుసు తగిలించవద్దు. ఎండిపోయిన చెట్ల మొద్దులు ఎక్కడికీ పారిపోవు. ఇన్నాళ్ళు ఉన్నాయి, ఇంకొన్నాళ్ళు ఉంటాయి.

మీ తోటలో ఫోను పలకదు. పోస్టును నమ్ముకుంటే నువ్వు చెప్పిన రోజు దాటిపోతుంది. విడిభాగాల లారీ ఈ సాయంత్రం మీ వైపు బయలుదేరుతోంది. దాని డ్రైవరు మీ గేటు ముందు నుంచే పోతాడు కాబట్టి అతని చేతికి ఇస్తున్నాను. నీ చేతికే ఇమ్మన్నాను.

ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ అమ్మ బాగుంది. కొత్త కళ్ళజోడు వచ్చింది. ఇన్నాళ్ళూ నేను గడ్డం సరిగ్గా గీసుకుంటున్నానని భ్రమలో ఉందట, ఆ భ్రమ పోయింది. "ఇదేంటి, చెంప మీద సగం పంట వదిలేశారు" అని పొద్దున్నే మొదలుపెట్టింది. మెట్ల కింద గోడకు చెమ్మ అలాగే ఉంది. నా మోకాళ్ళు కూడా అలాగే ఉన్నాయి. లైబ్రరీకి కొత్త గుమాస్తా వచ్చాడు. రాజ్యాలు ఎలా కూలిపోయాయో చెప్పే లావుపాటి చరిత్ర ఒకటి చదువుతున్నాను. రెండో సంపుటం కావాలని అడిగితే, "మొదటిదాంట్లోనే కూలిపోయాయి కదండీ, ఇంక రెండోదెందుకు?" అన్నాడు. పుస్తకాల మధ్య ఉద్యోగం చేస్తూ ఇంత నిక్షేపంగా ఉండగలగడం కూడా ఒక సాధనే. రేపు వాడి పై అధికారికి రెండు ముక్కలు రాసి పడేస్తాను. మీ అమ్మ వద్దంటోంది. ఆవిడ వద్దన్నవన్నీ మానేసి ఉంటే ఈపాటికి నాకు ఊరినిండా స్నేహితులే ఉండేవాళ్ళు.

మీ బాబాయి కంటి గురించి అడిగావు. వాడి సంగతి వాణ్ణి అడగకుండా గోడకు ఇవతల ఉన్నవాణ్ణి అడగడమేమిటో. శుక్లం తీశారు, ఆపరేషన్ బాగానే జరిగిందట. ఒక కంటికి కట్టు కట్టారు, రెండో కంట్లో ఎలాగూ మసకే. వంగకూడదు, బండి నడపకూడదు, చదవకూడదు, వెల్డింగు వైపు కన్నెత్తి చూడకూడదు. వర్క్‌షాపులో వాడి సగం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. పలకరించడానికి పొద్దున్నుంచి జనం. రాజుగారికి జ్వరం వచ్చినా ఇంతమంది రారు. పొగడ్త తప్ప వేరే మందు పనిచేయని ఒళ్ళు వాడిది. మా షెడ్డును రెండుగా చీల్చిన గోడ పైభాగం రేకు కదా, వాళ్ళ మాటలన్నీ నాకు వినిపిస్తాయి. "మీ చెయ్యి పడితే తుక్కు కూడా నిలబడుతుంది బాబూ" అంటాడొకడు. తుక్కు నిలబడడం గొప్పా? తుక్కు ఎక్కడ పెడితే అక్కడే నిలబడుతుంది.

సరే. నీ అసలు ప్రశ్నల దగ్గరికి వస్తాను. "మా దగ్గరికి వచ్చిన రోజు భోజనాల దగ్గర ఆ గొడవ ఎందుకు నాన్నా" అని అడిగావు.

గొడవ ఎందుకో చెప్పాలంటే పొట్టోడి వెనక భాగం గురించి చెప్పాలి. ఓపిగ్గా చదువు. వాడు తయారైన కాలంలో ఆ జాతి చిన్న బండ్లకు వెనక లిఫ్టు ఉండేది కాదు. ఇరుసుకు బాగా కింద, నేలకు దగ్గరగా, ఒక మందపాటి ఇనప పట్టీ ఉండేది. దాని పేరు డ్రాబార్. లాగాల్సింది ఏదైనా దానికే తగిలించేవాళ్ళు. తర్వాత రోజుల్లో అలాంటి పాత బండ్లకు లిఫ్టు సెట్టు తయారుచేసి బిగించడం మన షెడ్డులో మొదలైంది. కింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ, మొత్తం మూడు చోట్ల పట్టు. నూనె ఒత్తిడితో కింది చేతులు లేస్తాయి, నాగలిని ఎత్తుతాయి. పై కడ్డీని టాప్ లింకు అంటారు. అది నాగలి అటూ ఇటూ వాలకుండా పట్టుకుంటుంది, అంతే. దాన్ని బిగించే బ్రాకెట్ ఇరుసుకు ఎంతో పైన, నడిపేవాళ్ళ సీటు వెనకే ఉంటుంది.

ఆ సెట్టు గీసింది నేను. ఈ మాట మీ పెళ్ళిలో కూడా చెప్పాను, ఎవరూ వినలేదు. భోజనాలు బాగున్నాయి అని మాత్రం అందరూ అన్నారు. నేను గీసిన దాంట్లో డ్రాబార్ దాని చోట అది ఉంటుంది. సిలిండరును పక్కకు జరిపి, రెండు వంపులు తిప్పి, దాన్ని తప్పించుకుంటూ బిగించాలి. కష్టమైన పనే. మీ బాబాయి ఆ కష్టం ఎందుకని డ్రాబార్ ఊడదీసి, ఆ రంధ్రాల్లోనే కింది చేతుల బ్రాకెట్లు బిగించడం మొదలుపెట్టాడు. సగం రోజులో పని అయిపోతుంది. జనానికి అది నచ్చింది. నేను గోడ కట్టించాను.

మీ ఇంటికి వచ్చిన రోజు నాకు తెలియకుండా మీ బాబాయి చేత పొట్టోడికి లిఫ్టు పెట్టించారని షెడ్డులో చూశాకే తెలిసింది. ఆ సంగతి మీద నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది. కానీ వంగి చూసినప్పుడు కోపం కన్నా పెద్దది ఇంకేదో వచ్చింది. కింద డ్రాబార్ లేదు. లాగడానికి పొట్టోడి ఒంటి మీద కింద ఎక్కడా చోటు లేదు. ఆ తోటలో ఉన్నదంతా లాగే పనే.

భోజనం దగ్గర నేను అడిగింది ఒకే ముక్క. "డ్రాబార్ ఏదయ్యా?"

"చిన్న మామయ్య తీసేశారండీ. అడ్డం వచ్చిందట. ఇప్పుడు లిఫ్టు ఉంది కదా, దాంతో పనేముంది?" అన్నాడు అల్లుడు.

"లిఫ్టు ఎత్తడానికి. డ్రాబార్ లాగడానికి. కుర్చీ కొన్నామని మంచం తగలబెట్టుకుంటామా?"

"చిన్న మామయ్య చేసిన పనిలో మీకు తప్పు కనిపించని రోజు ఏదైనా ఉందా మామయ్యా?"

"వాడు కనిపించకుండా చేస్తే కదా!"

నువ్వు నవ్వావు. అతను నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడి, "మీ గోడ మీ దగ్గరే ఉంచుకోండి. మా ఇంట్లోకి మోసుకొస్తానంటే మాత్రం మీరు రాకపోయినా పరవాలేదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అదే ఎక్కువ మండింది. జవాబుగా నేను అన్నవి ఇక్కడ రాయను. నీకు గుర్తున్నాయి, వాటిలో కొన్ని నీ గురించి కూడా. మొండిదానివన్నాను. ఆ ముక్క వెనక్కి తీసుకోను. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. నీ ఉత్తరంలో ఆ భాగం నాకు కంఠతా వచ్చేసింది.

"లిఫ్టుకు ఉన్నట్టుండి బలం తగ్గింది నాన్నా. ఖాళీ చేతులు లేస్తున్నాయి, బరువు తగిలిస్తే ఈల వేసి ఆగిపోతోంది. చిన్న మొద్దులను దాంతోనే ఎత్తి పీకుదామనుకున్నాం, కుదరలేదు. ఇప్పుడు మీ అల్లుడు గొలుసును పైన టాప్ లింకు బ్రాకెట్‌కు కట్టి లాగిద్దామంటున్నారు. అది కదలదు, మందంగా ఉంది. నేను నడుపుతాను, ఆయన మొద్దు దగ్గర ఉండి వేళ్ళు నరుకుతారు. వానకు నేల మెత్తబడింది, రంపాలవాళ్ళు ఈ వారాంతానికి వస్తామన్నారు, వాళ్ళు ఉన్నప్పుడే లాగేస్తాం. ఇది సరైన పనేనా? బాబాయి మీద కోపం పక్కన పెట్టి నిజం చెప్పు."

కోపం పక్కన పెట్టి నిజం చెప్పమని నా కూతురు నన్ను అడగాల్సి వచ్చింది. సరే, ఆ అవమానం కూడా పక్కన పెట్టాను.

సరైన పని కాదు. చంపే పని. ఎలాగో విను. మొద్దు నేలను పట్టుకుని రానంటుంది. వెనక చక్రాలకు మెత్తటి నేలలో కూడా ఒక క్షణం పట్టు దొరుకుతుంది. చక్రం ముందుకు పోలేదు, ఇంజను మాత్రం ఊరుకోదు. చక్రాన్ని తిప్పలేనప్పుడు అది ట్రాక్టర్‌నే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు చక్రాలు లేస్తాయి. గొలుసు కింద, నేలకు దగ్గరగా ఉంటే, ముక్కు లేచే కొద్దీ గొలుసు కట్టిన చోటు ఇంకా కిందికి దిగుతుంది, లాగుడు చచ్చుబడుతుంది, బండి మళ్ళీ కూర్చుంటుంది. గొలుసు ఇరుసుకు పైన ఉంటే, మొద్దు ఆ పైభాగాన్ని పట్టుకుని వెనక్కి గుంజుతుంది. ఇంజను కింది నుంచి లేపుతుంది, గొలుసు పై నుంచి లాగుతుంది, రెండూ కలిసి బండిని నీ మీదికి మడతపెడతాయి. క్లచ్ తొక్కాలన్న ఆలోచన నీ తలలోంచి కాలి దాకా దిగేలోపు స్టీరింగు నీ గుండెల మీద ఉంటుంది. ఆ కాలపు బండ్లకు తల మీద ఇనప చట్రం కూడా లేదు. నువ్వు బాగా నడుపుతావు, నాకు తెలుసు, నేర్పింది నేనే. బాగా నడపడానికి అక్కడ సమయం ఉండదు.

"మెల్లగా లాగి చూస్తాం, లేస్తే ఆపేస్తాం" అంటాడు అల్లుడు. ఆ మాట అన్నవాళ్ళను నేను చూశాను. ఆ తర్వాత వాళ్ళ బండ్లను బాగుచేయడానికి నా దగ్గరికే తెచ్చారు. వాళ్ళు రాలేదు, వాళ్ళ అన్నదమ్ములు తెచ్చారు.

నేనే ఈ లారీ ఎక్కి రావచ్చు. పొద్దుట చొక్కా కూడా వేసుకున్నాను. మీ అమ్మ గడపలో నిలబడి, "మీరు వెళ్తే ఏమవుతుందో చెప్పనా?" అంది. చెప్పక్కరలేదు. గేటు దగ్గరే నేనూ అతనూ మొదలుపెడతాం. నేను ఏది వద్దంటే అది ఆ సాయంత్రమే చేసి చూపించేదాకా అతనికి ముద్ద దిగదు. అతని స్థానంలో నేనున్నా అంతే. చొక్కా విప్పేశాను.

ఇక్కడిదాకా రాసి కింద సంతకం పెట్టబోయాను. పెన్ను కదలలేదు. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. 

లిఫ్టుకు బలం దానంతట అది తగ్గలేదమ్మా. నేను తగ్గించాను.

ఆ గొడవ తర్వాత మీరిద్దరూ లోపల నడుం వాల్చారు. నేను షెడ్డులోకి వెళ్ళాను. లిఫ్టు పక్కన ఒక చిన్న మూత ఉంటుంది. దాని కింద ఒక స్ప్రింగు, స్ప్రింగును నొక్కిపట్టే ఒక స్క్రూ. దాన్ని రిలీఫ్ వాల్వు అంటారు. నూనె ఒత్తిడి ఎంత దాటితే వదిలేయాలో ఆ స్క్రూ చెబుతుంది. జేబులో స్పానరు లేకుండా నేను బయటికి వెళ్ళనని నీకు తెలుసు. ఆ స్క్రూను వెనక్కి తిప్పేశాను. మూత బిగించాను, తుడిచాను, వచ్చి కుర్చీలో కూర్చుని కునికినట్టు నటించాను. నువ్వు విన్న ఆ ఈల, బరువు తగలగానే నూనె పారిపోయే శబ్దం.

లిఫ్టు పనిచేయకపోతే మొద్దుల పనే మానుకుంటారని తిప్పాను. నీ మంచికే. మానుకోలేదు. లిఫ్టు లేదని గొలుసును ఇంకా పైకి ఎక్కించారు. కింది చేతులకు కట్టి ఎత్తడమే ప్రమాదం. ఇప్పుడు దానికంటే పైన, సీటు వెనకే కడతారట. ఆ ఆలోచన మీ ఇంట్లో పుట్టించింది నా స్పానరు. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను. "ఏమైంది? ఎవరికేమైంది?" అని మీ అమ్మ అరుస్తూ వచ్చింది. ఇంకా ఏమీ కాలేదు అన్నాను.

సరే, అంతా రాశాను. మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదువుకున్నాను. అప్పుడు అర్థమైంది, ఈ ఉత్తరం పనికిరాదని. నువ్వు నమ్మినా అల్లుడు నమ్మడు. తమ్ముడి పని మీద అసూయతో లిఫ్టు పాడుచేసిన ముసలాడు, ఇప్పుడు అదే తమ్ముడు పెట్టిన బ్రాకెట్‌ను చంపే వస్తువంటున్నాడు. అతనే కాదు, నేను న్యాయమూర్తినైనా ఈ సాక్ష్యాన్ని బయటికి విసిరేస్తాను. జీవితమంతా వాడు చేసినదాన్ని తప్పని అరిచి, అరిచి, తప్పు నిజంగా ఉన్న రోజున నా గొంతు ఎవరికీ వినిపించకుండా చేసుకున్నాను. అల్లుడు నమ్మే మాట ఒక్క మనిషిదే ఉంది. ఆ మనిషి గోడకు అవతల కంటికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు.

వెళ్ళొస్తాను. వచ్చాక మిగతాది రాస్తాను.

వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నీకు అన్నీ తెలియాలి.

గోడ కట్టాక వాడి వైపు అడుగుపెట్టడం ఇదే మొదలు. పలకరించేవాళ్ళు భోజనాలకు వెళ్ళినట్టున్నారు, ఒక్కడే ఉన్నాడు. అడుగుల చప్పుడుకు తల తిప్పాడు.

"ఎవరది?"

"నేను."

"నేనంటే?"

"నీ అన్నను రా."

కంటి కట్టు సర్దుకున్నాడు. తర్వాత, "తలుపు తప్పావా అన్నయ్యా? నీది పక్కది" అన్నాడు. లోపలి నుంచి మీ పిన్ని గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసి, వాణ్ణి చూసి, ఎవరిని ఎవరి నుంచి కాపాడాలో తెలియక మధ్యలో ఆగిపోయింది. "బావగారూ, ఆయన వంగకూడదు, అరవకూడదు, డాక్టరు చెప్పాడు" అంది.

"అరవడానికి రాలేదమ్మా. పెద్దదానికి ఉత్తరం రాశాను. దాని కింద వీడు సంతకం పెట్టాలి."

"చదవకుండా సంతకం పెట్టను. చదివితే డాక్టరు ఒప్పుకోడు. నువ్వే చదువు" అన్నాడు.

నేను ఇది ఆలోచించలేదు. వాడి మీద రాసినవన్నీ వాడి ముందే, నా నోటితో. స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాను. రాజుగారి జ్వరం దాకా చదివి, తర్వాతి వాక్యం దాటేశాను.

"ఆగు. అక్కడ ఊపిరి పీల్చుకున్నావు. ఏదో మింగేశావు. కక్కు" అన్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే, వాడికి చెవులు మాత్రం ఎప్పుడూ బాగా పనిచేస్తాయి.

"పొగడ్త తప్ప వేరే మందు పనిచేయని ఒళ్ళు వాడిది" అని చదివాను.

మీ పిన్ని గరిటె నోటికి అడ్డం పెట్టుకుంది. "నవ్వకే" అన్నాడు వాడు. "బాగా రాశాడు. చదువు అన్నయ్యా."

సెట్టు గీసింది నేనన్న చోట కుర్చీలో కదిలాడు. "నువ్వు గీసింది బిగించాలంటే బండి కింద వెల్లకిలా పడుకుని అత్తారింటికి పోతున్న పెళ్ళికూతురిలా ఏడవాలి. ఆ సంగతి కూడా రాయి."

"కష్టమైన పనే అని రాశాను కదరా."

"ఎంత కష్టమో రాయలేదు."

నీ ఉత్తరంలో భాగం వచ్చింది. టాప్ లింకు బ్రాకెట్‌కు గొలుసు అని చదవగానే లేచి నిలబడ్డాడు. మీ పిన్ని భుజం పట్టుకుని కూర్చోబెట్టబోయింది. చెయ్యి తోసేశాడు.

"ఆ బ్రాకెట్‌కా? అది లాగడానికి కాదు. నాగలి ఊగకుండా పెట్టింది. దానికి ఎవరైనా గొలుసు కడతారా?"

"ఆ సంగతి వాళ్ళకు చెప్పావా?"

"చెప్పాల్సిన పనేముంది? ఎవరూ అక్కడ కట్టరు!"

"కట్టడానికి కింద ఏం మిగిల్చావురా?"

 ఎన్నో ఏళ్ళుగా వాడి నోట మాట రాకుండా చేయాలని నేను పడ్డ తపన నీకు తెలుసు. ఈ రోజు వాడికి మాట రాలేదు. నాకు ఏ సంతోషమూ కలగలేదు. సీటు మీద నువ్వే కనిపిస్తున్నావు. వాడికి కూడా అదే కనిపిస్తున్నట్టుంది. "పిల్ల నడుపుతుందా?" అని మెల్లగా అడిగాడు. "అదే నడుపుతుందట" అన్నాను. కుర్చీలో కూలబడ్డాడు.

స్క్రూ సంగతి చదివాను. 

"ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను.

"నీ మంచికే తిప్పాను అని రాశావు. నిజమేనా?"

"నిజమే."

"కంటికి కట్టు కట్టుకున్నవాడి దగ్గర కూడా అబద్ధమేనా అన్నయ్యా?"

మీ పిన్ని లోపలికి వెళ్ళిపోయింది. నేను నేల వంక చూశాను. "నీ సెట్టు పాడైందని నలుగురికీ తెలియాలని తిప్పాను. ‘చిన్న మామయ్య బిగిస్తే ఇంతే’ అని ఆ అల్లుడి నోటి నుంచి నేను వినాలని. పిల్ల క్షేమం రెండోది. స్క్రూ తిప్పేటప్పుడు అది గుర్తు కూడా లేదేమో."

"అది ఉత్తరంలో ఉందా?"

"లేదు."

"రాయి."

రాశాను, వాడితో నేను అన్నది ఇప్పుడే పైన చదివావు కదా. ఒక్క మాట మార్చకుండా రాశాను. తిడతాడనుకున్నాను. స్పానరు తీసి కొడతాడనుకున్నాను, దగ్గర్లోనే ఉంది. వాడు గోడ వైపు తిరిగి, "నువ్వు స్క్రూ తిప్పకపోయినా వాళ్ళు ఏదో ఒకరోజు అక్కడే కట్టేవాళ్ళు. ఇంకెక్కడా లేదు కదా" అన్నాడు. నన్ను క్షమించడానికి అన్న మాట కాదు అది. తన లెక్క తను వేసుకుంటున్నాడు. తర్వాత, "నేను చెప్పేది రాసుకో. నీ భాష కలపకు" అన్నాడు.

కింద ఉన్నది వాడు చెప్పింది. నా భాష కలపలేదు.

"అమ్మాయీ, బాబాయిని. మీ నాన్న లాగుడు గురించి రాసింది ప్రతి ముక్కా నిజం. డ్రాబార్ తీసింది నేను. తీయకుండా ఉండాల్సింది. పని తొందరగా అవుతుందని తీశాను, ఇంతకుముందు కూడా చాలా బండ్లకు తీశాను, వాళ్ళందరికీ ఈ రోజు నుంచే కబురు పంపుతున్నాను. టాప్ లింకు బ్రాకెట్‌కు గొలుసు కట్టవద్దు. కింది చేతులకు కూడా కట్టవద్దు, అవి లిఫ్టుతో పైకి లేస్తాయి. ఇరుసుకు చుట్టవద్దు. కొంచెం లాగి చూద్దాం అనవద్దు. మొద్దులు పీకే పెద్ద యంత్రం ఉన్నవాడిని పిలిపించండి, లేదా చుట్టూ తవ్వి వేళ్ళు నరికి వదిలేయండి, కుళ్ళిపోతాయి. లిఫ్టు స్క్రూ మీరు ముట్టుకోకండి. ఒత్తిడి ఎక్కువైతే గొట్టం పగిలి వేడి నూనె మొహం మీద పడుతుంది. కట్టు విప్పగానే నేను వస్తాను. మీ నాన్న గీసినట్టే సిలిండరు పక్కకు జరిపి, డ్రాబార్ మళ్ళీ పెడతాను. బండి కింద పడుకునేది మీ నాన్నే, నేను వంగకూడదు. బాబూ, ఇది నీకు. మీ మామగారు నీతో ఎలా మాట్లాడతాడో నాకు తెలుసు, నాతో అంతకన్నా ఘోరంగా మాట్లాడాడు. నా మీద నీకున్న గౌరవం కొద్దీ ఆ గొలుసు పక్కన పెట్టు. మీ నాన్న మాట విను అమ్మాయీ, ఈ ఒక్కసారికి."

‘ఈ ఒక్కసారికి’ అన్నది తీసేయమన్నాను. "నీ భాష కలపవద్దన్నాను" అన్నాడు. అలాగే ఉంచాను.

సంతకం తనే పెడతానన్నాడు. కాగితం మీద చెయ్యి పెట్టించి పెన్ను ఇచ్చాను. గీత దాటి నా రాత మీదికి ఎక్కి వంకరగా వచ్చింది, కానీ ఆ తోకను అల్లుడు గుర్తుపడతాడు. మీ లిఫ్టు సెట్టు మీద పోత అక్షరాల్లో ఉన్నది అదే.

నువ్వు ఇదంతా అల్లుడికి పైకి చదివి వినిపించు. నా స్క్రూ సంగతి కూడా దాటేయకు. ఊపిరి పీల్చుకున్నా అతనికి తెలిసిపోతుంది. అతను నన్ను ఏమంటే అది అననివ్వు, అడ్డుపడకు. గేటు లోపలికి రావద్దంటే రాను. డ్రాబార్ బిగించేటప్పుడు ట్రాక్టర్‌నే గేటు బయటికి తోసుకు రమ్మను, రోడ్డు మీద పడుకుని బిగిస్తాను. గొలుసు మాత్రం అతని చేతిలో ఉండకూడదు.

లారీ వచ్చి హారను కొడుతోంది. డ్రైవరుతో చెప్పాను, మీ గేటు దగ్గర బండి ఆపి, నీ చేతికి ఉత్తరమిచ్చి, నీ దగ్గర గొలుసు తీసుకుని లారీలో వేసుకునేదాకా అక్కడి నుంచి కదలవద్దని. నవ్వాడు. "పెద్దాయనా, వాళ్ళ ఇంటి గొలుసు నేనెందుకు తెస్తాను, దొంగనంటారు" అన్నాడు. అప్పుడు మీ బాబాయి పిన్ని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి వచ్చి, "అన్నయ్య చెప్పినట్టు చెయ్యి" అన్నాడు. డ్రైవరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మేము ఒకే మాట మీద నిలబడడం అతను ఎన్నడూ చూడలేదు. నవ్వడం మానేసి, ఉత్తరం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకోవడానికి చెయ్యి చాపాడు.

గొలుసు ఇచ్చి పంపు తల్లీ.

ఇట్లు,
మీ నాన్న

పైన వంకరగా ఉన్నది
మీ బాబాయి